పాఠాలు మార్చేదెవరు?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఏ మార్పు వచ్చినా ముందుగా తెలిసేది మనకే. పాల ధర పెరిగినా, నీళ్ళు వదిలే వేళ మారినా, గ్యాసు బండ ఆలస్యమైనా ఆ లెక్క మన చేతిమీదుగా పోవలసిందే. కాని కాలేజీలో మన పిల్లలు చదివే పాఠాలు మారిన సంగతి మాత్రం అందరికంటే ఆఖరున మనకు తెలుస్తుంది. అదయినా ఎలా తెలుస్తుంది? పెద్దపిల్ల చదివిన పుస్తకాలు అట్టలు వేసి దాచి, చిన్నదానికి పనికొస్తాయి కదా అని అటకమీదనుంచి దించుతాం. "అమ్మా, ఇవి పాత సిలబస్‌వి" అని అది పెదవి విరుస్తుంది. పోనీ కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో ఇద్దామంటే, ఆ దుకాణంవాడు కూడా అదే మాట చెప్పి తూకానికి అడుగుతాడు!

మా రాంగోపాల్‌పేటలో తెలుగువాళ్ళున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళున్నారు, మార్వాడీలు, గుజరాతీలు, తమిళులు వున్నారు. ఏ ఇంట్లో చూసినా పిల్లలు డిగ్రీకి వచ్చే ఏడాది తల్లులకు ఒకటే బెంగ. ఏ గ్రూపు? ఏ కాలేజీ? చదివింది పనికొస్తుందా? ఇంత బెంగ పడతాంగాని, అసలు ఆ పాఠాలు ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు మారుస్తారు, మారిస్తే మన పిల్ల గతేమిటి అని అడగం. "పదో తరగతితో ఆపినదానివి, విశ్వవిద్యాలయం సంగతి నీకెందుకమ్మా?" అని మీరనవచ్చు. డిగ్రీలు లేని తల్లులే కదండీ చాలామంది పిల్లల చేత డిగ్రీలు చదివిస్తున్నది! అందుకని తల్లికి తెలియవలసినంత మేరకు ఆ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా రెండు మాటలు విడదీసుకోవాలి. పెళ్ళికి ఎన్ని పూటల భోజనాలు, ఏ పూట టిఫిను, ఏ పూట విందు అని మొత్తంగా వేసుకునే లెక్క వుంటుంది చూడండి, అది పాఠ్యప్రణాళిక. ఆ పూట విస్తట్లో ఏమేమి వడ్డించాలన్న జాబితా సిలబస్. జాబితా మార్చడం తేలికే, కాగితం మీద ఒక గీత కొడితే చాలు. కాని బూరెలు అని రాసుకున్నంత మాత్రాన బూరెలు రావు. పప్పు కావాలి, బెల్లం కావాలి, మూకుడు కావాలి, అన్నిటికీ మించి వండే చెయ్యి కావాలి. చదువుల్లో కూడా అంతే. పాఠం మారితే దానికి పుస్తకం కావాలి, ప్రయోగశాల కావాలి, చెప్పే పంతులమ్మ కావాలి.

ఈ సంగతి మన ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పట్లో దేశంలో పై చదువులు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతున్నాయి. ఇక్కడ మాత్రం ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. ఇంగ్లీషును విడిచిపెట్టలేదు, అది తప్పనిసరిగా చదవవలసిన ఒక పాఠ్యాంశంగా వుంచారు. నిర్ణయమైతే జరిగిందిగాని, రసాయనశాస్త్రం ఉర్దూలో చెప్పాలంటే పుస్తకమేదీ? అందుకే తరగతులకంటే ముందుగా, 1917లోనే అనువాదాల కోసం ఒక శాఖ పెట్టారు. దాన్ని దారుల్ తర్జుమా అనేవారు. పండితులు కూర్చుని, మాటలు లేనిచోట కొత్త మాటలు పుట్టించి, శాస్త్రాలను, చరిత్రను, వైద్యాన్ని ఉర్దూలోకి తెచ్చారు. ఆ తరువాతనే, 1919లో తరగతులు మొదలయ్యాయి. పొయ్యి వెలిగించేముందు సరుకులు చూసుకున్నారన్నమాట.

ఆడపిల్లల చదువుకు 1924లో నాంపల్లిలో మహిళా కళాశాల మొదలైంది. అది 1949లో కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి వచ్చింది. మనం కోఠీ ఉమెన్స్ కాలేజీ అనేది దాన్నే. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పేరు మారడం గొప్పగా అనిపించవచ్చుగాని, తల్లులకు అందులో అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. కాలేజీగా వున్నంతకాలం అది ఉస్మానియాకు చెందిన కాలేజీ. విశ్వవిద్యాలయమైతే తన కోర్సులను తానే రూపొందించుకుని, పట్టాలు తానే ఇచ్చుకునే హక్కు వస్తుంది. అక్కడ ఆడపిల్లలు ఏం చదవాలన్నది అక్కడే తేలుతుంది.

మళ్ళీ వెనక్కు వెళదాం. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అంతవరకు ఉర్దూలో రాసిన పుస్తకాలు, నేర్చిన మాటలు, చెప్పే అలవాటు అన్నీ పక్కకు జరిగాయి. ఆ తరువాత కాలేజీ చదువు తెలుగులో కూడా వుండాలనే మాట బలపడింది. అప్పుడు మళ్ళీ అదే ప్రశ్న. పుస్తకాలేవీ? 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు దానికి వ్యవస్థాపక అధ్యక్షులు. ఇంటర్‌కు, డిగ్రీకి తెలుగులో పాఠ్యపుస్తకాలు ఆ అకాడమీ వేసింది. ఊళ్ళనుంచి తెలుగులో పదో తరగతి చదివి వచ్చిన పిల్లలు ఎంతమంది ఆ పుస్తకాలు పట్టుకుని పట్టభద్రులయ్యారో మనకు తెలియనిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, ఎక్కడయినా సరే, పుస్తకం వెంట రాని మార్పు పిల్లవాడి నెత్తిమీద బరువే అవుతుంది.

సరే, ఇప్పుడు మార్చే పద్ధతి చూద్దాం. ఏ పెద్దమనిషో ఒక ఉదయం లేచి పాఠాలు మార్చేస్తాడని మనం అనుకుంటూంటాం. అలా కాదు. విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క శాస్త్రానికి ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ వుంటుంది. తెలుగులో పాఠ్యప్రణాళికా మండలి అనుకోండి. తెలుగుకు ఒకటి, అర్థశాస్త్రానికి ఒకటి, వృక్షశాస్త్రానికి ఒకటి. అందులో ఆ శాఖ అధ్యాపకులు వుంటారు, బయటనుంచి వచ్చిన నిపుణులూ వుంటారు. ఏ పాఠం పాతబడింది, ఏది కొత్తగా చేర్చాలి, ఏ పుస్తకాలు చదవమనాలి, పరీక్షలో మార్కులు ఎలా పంచాలి అని వాళ్ళు కూర్చుని ముసాయిదా తయారుచేస్తారు. అది ఆర్ట్స్, సైన్స్, కామర్స్ అనే ఫ్యాకల్టీల వరకు వెళుతుంది. ఆ పైన అకడమిక్ సెనేట్ అనే సభ వుంది. అక్కడ ఆమోదం పొందితేనే పాఠం పాఠమవుతుంది. విశ్వవిద్యాలయాలన్నిటికీ పొంతన వుండాలని రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఒక నమూనా ఇస్తుంది. దేశం మొత్తానికి యు.జి.సి. మార్గదర్శకాలు ఇస్తుంది. ఇన్ని గుమ్మాలు దాటి వస్తుంది ఆ కాగితం.

ఎందుకు మారుస్తారంటే కారణాలు చాలా వున్నాయి. శాస్త్రం ముందుకు పోతుంది. ఉద్యోగాలు మారతాయి. లావాదేవీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిన తరువాత కామర్సు పిల్లకు చిట్టా, ఖాతా పుస్తకాలు మాత్రమే నేర్పితే చాలదు కదా! మరో కారణం కూడా వుంది. చేరే పిల్లలు తగ్గితే ఆ గ్రూపును కాలేజీలు మూసేస్తాయి. చరిత్ర, తత్వశాస్త్రం, భాషల గ్రూపులకు ఈ గండం ఎక్కువ. ఇది ఏ మండలీ సమావేశంలోనూ తీర్మానం చేసింది కాదు. మనమందరం కలిసి, తెలియకుండా చేసిన తీర్మానం. అందరం ఒకే గ్రూపుకు ఎగబడితే మిగిలినవి ఎండిపోక ఏమవుతాయి?

మన కాలంలో వచ్చిన పెద్ద మార్పు 2016–17లో వచ్చింది. అంతవరకు డిగ్రీలో ఏడాదికి ఒకసారి పరీక్ష. ఆ ఏడాదినుంచి ఉస్మానియాతోపాటు తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి సెమిస్టర్లు వచ్చాయి. మూడేళ్ళకు ఆరు సెమిస్టర్లు. దానితో వచ్చిన మాటే క్రెడిట్లు. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరు పొడుగునా పాఠం వింటే సాధారణంగా ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే రెండు గంటలకు ఒకటి. నాలుగు క్రెడిట్ల పేపరంటే వారానికి నాలుగు గంటల చదువని మీరు లెక్క కట్టుకోవచ్చు. ఈ లెక్క తెలిసిన తల్లి, "ఇవాళ క్లాసులు లేవమ్మా" అని రోజూ పదకొండింటికే ఇంటికొచ్చే పిల్లను రెండో ప్రశ్న అడుగుతుంది!

ఇందులో లాభం లేకపోలేదు. ఏడాది చివర ఒక్కసారిగా గుండెలు అదిరే పరీక్ష బదులు, కొంచెం కొంచెంగా చదువుకుంటూ పోవచ్చు. తన ముఖ్య పాఠ్యాంశాలతోపాటు ఇష్టమైనదొకటి ఎంచుకునే వీలు కూడా పెట్టారు. కాని ఆడపిల్లల విషయంలో ఒక చిక్కుంది. సెమిస్టరు అంటే గట్టిగా నాలుగయిదు నెలలు. మధ్యలో లోపలి పరీక్షలు, హాజరు. అక్క పురుడని, పిన్నిగారింట్లో పెళ్ళని మనం పిల్లను మూడు వారాలు మాన్పిస్తే, పాత పద్ధతిలో అయితే అది ఏడాదిలో కలిసిపోయేది. ఇప్పుడు ఆ మూడు వారాలు సెమిస్టరులో పెద్ద ముక్కే. మగపిల్లాణ్ణి మాన్పించంగాని ఆడపిల్లను మాన్పిస్తాం. పాఠ్యప్రణాళిక మారినప్పుడు ఇంటి పద్ధతి కూడా మారకపోతే నష్టపోయేది ఆ పిల్లే.

ఇష్టమైనది ఎంచుకోవచ్చు అన్నాను కదా, అందులో మరో మెలిక. కాగితం మీద నాలుగు ఐచ్ఛికాలుంటాయి. కాలేజీలో చెప్పే మనిషి ఒక్కదానికే వుంటుంది. అప్పుడు పిల్లలందరూ దాన్నే "ఎంచుకుంటారు". హోటల్లో ఇరవై రకాలు రాసిన బోర్డు చూసి లోపలికి పోతే, "ఇడ్లీ ఒకటే వుందండీ" అన్నట్టు! అందుకే చేరకముందే అడగాలి. ఏవేవి వున్నాయని కాదు, నిరుడు ఏవేవి చెప్పారని అడగాలి.

మనకు దగ్గర సంగతి ఒకటి చెబుతాను. హోమ్‌సైన్స్ అనగానే, "వంట నేర్చుకోడానికి కాలేజీ ఎందుకు?" అని మగవాళ్ళు ఎగతాళి చేయడం మనం విన్నదే. అసలు అందులో చెప్పేదేమిటి? ఆహారం, పోషణ, పిల్లల పెంపకం, కుటుంబ వనరుల నిర్వహణ, బట్టలు, నేతలు, పల్లెల్లోకి వెళ్ళి నలుగురికీ నేర్పే విస్తరణ పని. 1964లో రాజేంద్రనగర్‌లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద సైఫాబాద్‌లో హోమ్‌సైన్స్ కాలేజీ నడిచింది. ఇప్పుడది జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వుంది. వ్యవసాయ చదువులకు దేశవ్యాప్తంగా పాఠ్యప్రణాళికను చూసే డీన్ల సంఘం వుంది. ఆ అయిదో సంఘం నివేదిక ప్రకారం 2017 నుంచి హోమ్‌సైన్స్ డిగ్రీ పేరు కమ్యూనిటీ సైన్స్ అయింది. పేరుతోపాటు పల్లెల్లో వుండి పనిచేయడం, చిన్న వ్యాపారం పెట్టుకునే మెళకువలు నేర్వడం వంటి వాటికి చోటు పెరిగింది.

పేరు మార్చినందుకు బాధ పడాలా, సంతోషించాలా అని నేను చాలా ఆలోచించాను. ఇల్లు అనే మాట వున్నందుకే చదువు చిన్నబోయిందంటే, తప్పు ఆ మాటదా, ఇంటి పనిని చులకనగా చూసే లోకానిదా? అది ఒక పక్క. రెండో పక్క, ఆ చదువు చదివిన పిల్ల ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిగానో, బట్టల మిల్లులోనో, శిశు సంక్షేమంలోనో ఉద్యోగానికి పోతే, పేరు చూసి పక్కన పెట్టకూడదు కదా. పేరు పిల్లకు అన్నం పెట్టేటట్టయితే మారనివ్వండి. కాని లోపల పాఠం చిక్కబడిందా, పలచబడిందా అని చూడడం మన పని. మజ్జిగకు కొత్త పేరు పెడితే పెరుగవదు.

ఇక మార్పు మధ్యలో చిక్కుకున్నవాళ్ళ మాట. సాధారణంగా ఏ ఏడు చేరితే ఆ ఏటి సిలబస్సే ఆఖరుదాకా వర్తిస్తుంది. మధ్యలో ఆగినవాళ్ళకే కష్టం. మా వీధిలో ఒక అమ్మాయికి రెండో ఏడులో ఒక్క పేపరు మిగిలింది. ఇంతలో పెళ్ళయింది, బాబు పుట్టాడు. నాలుగేళ్ళకు ధైర్యం చేసి కాలేజీకి వెళితే, "ఆ పేపరే ఇప్పుడు లేదమ్మా" అన్నారు. మూడుసార్లు తిరిగినా ఎవరూ సరిగా చెప్పలేదు. ఆ పిల్ల ఇంటికొచ్చి పట్టా ఆశ వదులుకుంది. చివరకు ఆమె ఆడపడుచు విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి తీసుకుపోయి అడిగితే అప్పుడు తెలిసింది, పాత పేపరుకు సమానంగా కొత్త సిలబస్‌లో ఏది రాయాలో వాళ్ళ దగ్గర జాబితా వుందని. రాసింది, పాసైంది. ఒక్క మాట తెలియకపోవడంవల్ల మూడేళ్ళ చదువు గంగలో కలిసేది. పేపరు పోయిందంటే దారి పోయిందని కాదు, సమానమైన పేపరేదో అడగాలని గుర్తుంచుకోండి.

ఇటీవలి మరో మార్పు సంగతి జాగ్రత్తగా వినండి. 2020 జాతీయ విద్యావిధానంలో డిగ్రీని మెట్లు మెట్లుగా విడదీశారు. ఒక ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. చదివిన క్రెడిట్లు దాచుకుని మళ్ళీ వచ్చి వాడుకునేందుకు 2021లో ఒక బ్యాంకులాంటి ఏర్పాటు కూడా చేశారు. అయితే అన్నిచోట్లా ఇవి ఒకే తీరుగా అమలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో ఒక్క ముఖ్య పాఠ్యాంశంతో డిగ్రీ పెట్టారు. మన చుట్టాల పిల్ల విజయవాడలో చదివే డిగ్రీ, మన పిల్ల ఇక్కడ చదివే డిగ్రీ ఇప్పుడు ఒక్క అచ్చులో పోసినవి కావు. సంబంధాలప్పుడు, బదిలీలప్పుడు ఈ సంగతి తెలిసి వుండాలి.

ఆగి మళ్ళీ రావచ్చునన్నది అవసరంలో వున్న పిల్లకు వరమే. కాని నా భయమొకటి చెబుతాను. ఒక ఏడాదికే కాగితం చేతికొస్తుందంటే, "చాలుగా, ఇంక సంబంధం చూద్దాం" అనే ఇళ్ళు మన మధ్య లేవా? మెట్లు ఎక్కడానికి కట్టారుగాని, ఆడపిల్లను దింపడానికి కాదు. మగపిల్లాడు ఒక ఏడాది చదివి సర్టిఫికెట్టు తెస్తే మనం ఊరుకుంటామా? ఆ కొలతే ఆడపిల్లకూ పెట్టండి.

మరి మనం ఏం చేయగలం? పెద్ద పెద్ద మండలుల్లో మన మాట ఎవరు వింటారు అనకండి. బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ వంటి స్వయంప్రతిపత్తిగల కాలేజీలకు తమ బోర్డ్ ఆఫ్ స్టడీస్ తమకే వుంటుంది. యు.జి.సి. నిబంధన ప్రకారం అందులో బయటి నిపుణులతోపాటు, ఆ కాలేజీ పూర్వ విద్యార్థి ఒకరు వుండాలి. మీలో చదువుకున్నవాళ్ళు చాలామంది వున్నారు. పెళ్ళితో పేరు పక్కన పేరు మారింది, అంతే. మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘంలో మీ చిరునామా వుందో లేదో చూసుకోండి. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ సంస్థ చూసేవాటిలో పాఠ్యప్రణాళిక ఒకటి. పాఠాల మీద అభిప్రాయాలు తీసుకుంటున్నారా అని కూడా అడుగుతుంది. కాలేజీనుంచి అలాంటి కాగితం ఇంటికొస్తే, "అంతా బాగున్నది" అని రాసి సంతకం పెట్టి పంపకండి. ప్రయోగశాలలో ఏమి తక్కువైంది, ఏ పాఠానికి పుస్తకం దొరకలేదు, పిల్లను అడిగి రాయండి.

చేర్చేటప్పుడు ఈ నాలుగూ మరవకండి. ఒకటి, ఆ ఏటి సిలబస్ ప్రతి ఒకటి తెచ్చి సర్టిఫికెట్లతోపాటు దాచండి. పై ఊళ్ళలో, పై దేశాల్లో చదువుకు పోయినప్పుడు ఏమి చదివారో చూపమంటారు. రెండు, ప్రతి పేపరుకు చెప్పేవారున్నారా అని అడగండి. మూడు, తెలుగులో పరీక్ష రాయవచ్చునా, పుస్తకాలు దొరుకుతాయా అని అడగండి. నాలుగు, ఒక పేపరు పోతే మళ్ళీ ఎప్పుడు, ఏ సిలబస్‌లో రాయాలో అడగండి.

చదువు మధ్యలో ఆగిన చెల్లెళ్ళకు ఒక మాట. 1982లో మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలోనే పుట్టింది. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ పేరుతో వున్నది అదే. మొదట్లో ఇంటర్ లేనివాళ్ళకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నది. గృహిణులు, ఉద్యోగస్థులు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు చదువుకోవాలనే ఆ పాఠాలు తెలుగులో, ఎవరికివారు చదువుకునే తీరులో రాయించారు. పాఠ్యప్రణాళిక మనుషుల్ని చూసి రాస్తే ఎలా వుంటుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

పాఠాలు మారతాయి, మారాలి కూడా. బామ్మ చదివినదే మనవరాలు చదవనక్కరలేదు. అయితే మార్చేవాళ్ళు ఎదురుగా వున్న పిల్లను చూసి మార్చాలి. చదివించేవాళ్ళు కళ్ళు తెరుచుకుని అడగాలి. ఈ జూన్‌లో పిల్లను కాలేజీకి పంపేముందు, ఫీజు ఎంత అన్న ప్రశ్నతోపాటు, ఏం చెబుతారు, ఎవరు చెబుతారు అన్న రెండు ప్రశ్నలు కూడా వేయండి.